రాజుగారి మీసం, తెల్ల పోర్తు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమో అడక్కండి, ఆ రాజుగారి మునిమనవలు ఇంకా ఉన్నారు, వాళ్ళకు కోపం జాస్తి, రణకేసరి నాగరాయలనే రాజు ఉండేవాడు. రణం ఆయన చూసిన పాపాన పోలేదు. జూలు మాత్రం ఉంది, అదైనా ముక్కు కింద.

ముందు ఆ మీసం సంగతి చెప్పుకోవాలి. రాజుగారికి మనవలు పుట్టారు, పళ్ళు కదిలాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మీసం మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. రోజూ తెల్లారకముందే మంగలి వచ్చి, కరక్కాయ, దీపపు మసి కలిపి నూరిన రంగు పట్టించి పోయేవాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఊరందరికీ తెలుసన్న సంగతి రాజుగారికి ఒక్కడికే తెలియదు. "ప్రభువులది నిత్యయవ్వనం" అని కొలువులో రోజుకొకడు అనేవాడు. "ఏదో, వంశలక్షణం" అని ఆయన మీసం దువ్వుకునేవాడు. వినేవాళ్ళకు సిగ్గేసేది కానీ, జీతాలిచ్చేది ఆయనే మరి.

ఆ కొలువులో తిప్పన అని ఒక అడపకాడు ఉండేవాడు. రాజుగారి పక్కన నిలబడి తాంబూలం అందించడం, ఆయన తాగబోయేది ముందు తనొక గుక్క తాగి విషం లేదని చూడడం, ఆయన తాగాక మూతి తుడుచుకోవడానికి రుమాలు ఇవ్వడం అతని పని. ఆ రుమాలు పుణ్యమా అని తిప్పనకు ఒక రహస్యం తెలిసింది. మీసానికి పూసిన రంగు నీళ్ళకు ఊడదు, చెమటకు ఊడదు. సారా తగిలితే మాత్రం ఊడుతుంది. తుడుచుకున్న రుమాలు రాజులు చూసుకోరు కనుక, దాని మీద పడే నల్ల మరక నాగరాయల కంట ఎన్నడూ పడలేదు. పోనీలే పెద్దాయన అని, తిప్పన ఎప్పుడూ మీసం మునగని సన్నమూతి గాజుపాత్రలోనే పోసి ఇచ్చేవాడు.

ఇలా ఉండగా పొరుగురాజు విందుకు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పొరుగురాజు కోటలో బుడతకీచులు, అదే పోర్చుగీసు ఓడలవాళ్ళు, తెచ్చే ద్రాక్షసారా పోస్తారట. అందులోనూ తెల్ల పోర్తట, ఏళ్ల తరబడి పీపాలో ఊరిన పాతదట. నాగరాయలకు కడుపు మండిపోయింది.

"మన విందులో అంతకంటే పాతది పోయాలి. తెప్పించండి" అన్నాడు. అప్పటిదాకా ఆయన తెల్ల పోర్తు మొహం చూసి ఎరగడు.

రేవులో బుడతకీచులతో బేరాలు చేసే నూకయ్య సెట్టిని పిలిపించారు. సెట్టి మంచివాడే, కాకపోతే నిజం కడుపులో దాచుకోలేని జబ్బొకటి ఉంది. అతను రెండు కూజాలు తెచ్చి, తిప్పన అందించిన రెండు సన్నమూతి గాజుపాత్రల్లో పోశాడు. ఒకదాంట్లోది లేత గడ్డి రంగు, దాదాపు నీళ్ళే. రెండోదాంట్లోది ముదురు తేనె రంగు.

ముందుగా తిప్పన రుచి చూశాడు. మొదటిది నాలుక మీద చురుక్కుమని, గొంతు దిగగానే మాయమైంది. రెండోదానిలో వేయించిన జీడిపప్పు, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, అన్నీ కలిసి ఉన్నాయి. మింగాక కూడా ఆ రుచి నోరు వదలలేదు. పాతది ఏదో చెప్పడానికి నాలుకుంటే చాలనుకున్నాడు తిప్పన. కానీ అతన్ని అడిగిందెవరు?

తరవాత రాజుగారు రెంటిలోంచీ ఒక్కో గుక్క తాగాడు. ఆయనకు రెండూ కషాయంలాగే ఉన్నాయి. ఆ మాట పైకి అనలేక ఆస్థాన పండితుడు కుటుంబశాస్త్రి వంక చూశాడు.

"నేను మద్యం ముట్టను ప్రభూ. కంటితో చూసి చెబుతాను" అన్నాడు శాస్త్రి. రెండు పాత్రల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "కాలం గడిచేకొద్దీ ప్రతి వస్తువూ తెల్లబడుతుంది. ఇది శాస్త్రం. ఉదాహరణకు, వెంట్రు..." అని నాలుక కరుచుకుని, "ఎముకలు" అన్నాడు. "పైగా దీని పేరే తెల్ల పోర్తు. ఎంత తెలుపైతే అంత పాతది. ఆ రెండోది రంగు కలిపిన కల్తీ సరుకు."

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు రాజు.

"తప్పు మహాప్రభూ" అన్నాడు నూకయ్య సెట్టి. "తెల్ల ద్రాక్షతో చేస్తారు కనుక ఆ పేరు పెట్టారు. కొత్తలో తెల్లగానే ఉంటుంది. చెక్కపీపాలో ఊరేకొద్దీ రంగెక్కుతుంది. ముదురు రంగుది మా నాయన కొన్న పీపాలోది. ఈ తెల్లది మొన్ననే ఓడ దిగింది."

తప్పు అన్న మాట ఆ కొలువులో వినబడి ఎన్నేళ్ళయిందో. నాగరాయల మొహం జేవురించింది.

"నన్నే తప్పు పడతావా? కల్తీ సరుకును పాతదని బొంకిన నీ నాలుక కోయిస్తాను. ఈ తెల్లదాన్నే తాగి తీర్పు ముగిస్తాను. తలారిని పిలవండి."

సెట్టి ఒక్కరైనా అడ్డుపడతారేమోనని చుట్టూ చూశాడు. మంత్రులంతా తలలెత్తి పైకప్పు దూలాలు చూస్తున్నారు, అప్పుడే వాటిని ఎవరో కొత్తగా వేయించినట్టు.

తిప్పనకు ఒళ్ళు మండింది. రుచి తెలియనివాడొకడు, రుచి చూడనివాడొకడు కలిసి, రుచి తెలిసినవాడి నాలుక కోయిస్తున్నారు. ఇన్నాళ్ళూ ఈ మహానుభావుడి మీసాన్ని కాపాడుకొచ్చింది ఇందుకా అనుకున్నాడు. సన్నమూతి పాత్ర అందివ్వబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"తీర్పు దివ్యంగా ఉంది ప్రభూ. కానీ ఇంత పాతదాన్ని ఈ బుల్లి పాత్రలో చప్పరించడమా? అది వర్తకుల పద్ధతి. వీరులు వెడల్పు గిన్నెలో పోయించుకుని, మీసం మునిగేలా, గటగటా తాగుతారు."

"నిజమే. మా తాతగారు అలాగే తాగేవారు" అన్నాడు రాజు. ఆ తాతగారు పాలు తప్ప మరొకటి ముట్టి ఎరగరు.

తిప్పన పెద్ద వెండిగిన్నె తెచ్చి, తెల్లదాన్ని కూజాలోంచి అంచుదాకా పోసి ఇచ్చాడు. రాజుగారు రెండు చేతులా పట్టుకుని, మొహం ముంచి, వీరుడిలా తాగాడు. ఊపిరాడక సగంలో ఆగి గిన్నె దించాడు.

గిన్నెలో మిగిలినది మసి కడిగిన నీళ్ళలా ఉంది. మీసం కొసల నుంచి నల్లటి బొట్లు పట్టు అంగీ మీద పడుతున్నాయి. ఇక మీసం చూస్తే ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. శాస్త్రి కళ్ళు మూసుకుని ఏదో జపం మొదలుపెట్టాడు.

"ఇదేమిటి?" అన్నాడు రాజు గిన్నెలోకి చూసి. "తెల్లటిది నల్లబడిందేం? విషమా?"

"విషం కాదు ప్రభూ, ముందు నేను తాగానుగా. వయసు" అన్నాడు తిప్పన. తాంబూలపు పెట్టె మూత తెరిచి, లోపలున్న అద్దం ఆయన వైపు తిప్పాడు.

రాజుగారు చూసుకున్నాడు.

"చిన్న ధర్మసందేహం తీర్చండి" అన్నాడు తిప్పన చేతులు కట్టుకుని. "గిన్నెలోది నల్లగా ఉంది. మీసం తెల్లగా ఉంది. రెంటిలో ముసలిది ఏది? తెల్లనిదే ముసలిదంటే శాస్త్రిగారి మాట నెగ్గుతుంది, సెట్టి నాలుక తెగుతుంది, ఆ మీసం సంగతి ఇక నేను చెప్పక్కర్లేదు. నల్లనిదే ముసలిదంటే సెట్టి మాట నెగ్గుతుంది. అప్పుడు తమ మీసం నిన్నో మొన్నో మొలిచినట్టు. ప్రభువులు ఎలా సెలవిస్తే అలా."

రాజుగారు అడకత్తెరలో ఇరుక్కున్నాడు. అద్దంలోకి చూశాడు, గిన్నెలోకి చూశాడు, సెట్టిని చూశాడు. ఆలోచించడం ఆయనకు అలవాటు లేని పని కనుక చాలాసేపు పట్టింది.

"ముదిరితే నల్లబడుతుంది" అన్నాడు చివరికి. "సెట్టీ, నీ మాటే నిజం. ఇంటికెళ్ళు."

శాస్త్రి చటుక్కున కళ్ళు తెరిచాడు. "నేనూ అదే మనవి చేయబోయాను. కాలం గడిచేకొద్దీ ప్రతి వస్తువూ నల్లబడుతుంది. ఉదాహరణకు..."

"ఉదాహరణలు వద్దు" అన్నాడు రాజు.

ఆ మాటతో ఆయనకే నవ్వొచ్చింది. ముందు ఆపుకున్నాడు, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడని రూఢి చేసుకున్నాక మంత్రులూ నవ్వారు. సెట్టి మాత్రం నవ్వలేదు, నాలుక ఉందో లేదో నోట్లో తడుముకుంటున్నాడు.

"తిప్పనా, నీకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"ఈ గిన్నె చాలు ప్రభూ."

"తీసుకో. అందులోదీ నీదే, తాగు."

"అంత ముదిరినదాన్ని తాగే వయసు నాకింకా రాలేదు ప్రభూ" అన్నాడు తిప్పన.

విందులో ముదురు రంగుదే పోశారు. పొరుగురాజు మూడుసార్లు పోయించుకుని, ఎక్కడ దొరికిందని ఆరా తీశాడు. "ఎంపిక నాదే" అన్నాడు నాగరాయలు, అప్పటికే మళ్ళీ నల్లబడ్డ మీసం దువ్వుకుంటూ.

వెండిగిన్నె తిప్పన ఇంటికి చేరింది. లోపల అంచు చుట్టూ నల్లటి చార ఒకటి మిగిలిపోయింది. అతని భార్య ముత్తమ్మ అది చూసి, విబూది తెచ్చి తోమబోయింది.

"తోమకు" అన్నాడు తిప్పన. "అది రాజుగారి యవ్వనం. తోమితే పోతుంది."