అద్దం తెచ్చిన మురికి

అమ్మల్లారా, అయ్యల్లారా, ఆ నరసింహస్వామికి ఓ దణ్ణం పెట్టుకుని, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి.

పూర్వం ఒక కోటలో పైడమ్మ ఆయుధశాల ఊడ్చేది. ఉత్సవంనాడు రాజుగారి ముందు మొదటి తుపాకీ పేల్చాల్సింది ఆమె పెనిమిటి. గొట్టం పూడిపోయి ఉంటే తుపాకీ అతని మొహంమీదే పేలిపోతుందని ఆమెకు బెంగ. అందుకని చీపురుపుల్ల చివర చింతగింజంత అద్దంముక్కను లక్కతో అంటించి, గొట్టాల్లోకి దించి చూసింది. లోపలంతా తుప్పు, కందిరీగల మట్టిగూళ్లు!

ఆమె లబోదిబోమంటూ వెళ్లి చెబితే, కోట సైన్యానికి పెద్ద అయిన దళవాయి వీరభూపతి మీసం దువ్వాడు.

"నా తుపాకులకు మురికే పట్టదని రాజుగారికి చెప్పానే! శుభ్రం చేయిస్తే పట్టిందని ఒప్పుకున్నట్టు కాదూ? అయినా నీ అద్దం రాకముందు ఏ గొట్టంలోనూ మురికి కనబడలేదు. తెచ్చింది నీ అద్దమే!"

పైడమ్మ ఒక్క క్షణం ఆలోచించి చెంపలేసుకుంది.

"నిజమే దొరా! తెలియక అన్ని తుపాకుల్లోనూ పెట్టేశాను. బంగారంలాంటి తుపాకులు, పాడుచేశాను."

"అన్నిట్లోనా? ఓసి పాపిష్టిదానా! పాడుచేసినదానివి నువ్వే బాగుచెయ్యి. నూనె, గుడ్డలు తీసుకో. ఒక్క మచ్చ మిగిలినా ఊరుకోను!"

"ఇంత పెద్ద శిక్షా దొరా!" అని ఏడుస్తూనే పైడమ్మ కొంగు బిగించింది.

ఉత్సవంనాడు మొదటి తుపాకీ ఢామ్మని మోగింది. పెనిమిటి మొహాన పొగ తప్ప గాటు లేదు. దళవాయేమో, "అద్దాలవల్ల వచ్చే తుప్పును అణిచేశాను ప్రభూ!" అని చెప్పుకున్నాడు. చెప్పుకోనివ్వండి!

నాయనలారా, ఒక ప్రాణం దక్కడంకోసం చెయ్యని తప్పును తన నెత్తినేసుకుంది పైడమ్మ. ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకుని, ఇంటికెళ్లి మీవాళ్లకు చెప్పండి.