గజ్జెలబండ మహిమ

పూర్వం జమీందారుల ఏలుబడిలో, చిలకవాగు కొండల్లో ఉత్తరాలు మనుషుల భుజాల మీదనే ప్రయాణం చేసేవి. వాగుకు ఆవలి దారి జోగులుది, ఈవలి దారి పోతయ్యది. ఇద్దరూ గజ్జెలు కట్టిన బల్లెం చేతబట్టి పరుగెత్తే టపావాళ్లు. సంచి నేల తాకరాదు; పుచ్చుకున్నవాడు "అందింది" అనేవరకు ఇచ్చినవాడు కదలరాదు. ఆ నియమాన్ని వాళ్లు నిత్యాగ్నిహోత్రంలా పాటించేవారు.

పోతయ్య కూతురు సింగారికి ఆవలి ఊళ్లో సంబంధం కుదిర్చిన పుణ్యాత్ముడూ జోగులే. మగపెళ్లివారు మహా పట్టింపుల మనుషులు. తాము పంపే లగ్నపత్రిక శ్రావణ పౌర్ణమినాటికి పెళ్లికూతురి వాకిట్లో చదివి తీరాలని, లేకుంటే సంబంధం వదులుకుంటామని కబురంపారు. ఆ గడువు తలచుకొని పోతయ్యకు అన్నం సయించలేదు.

"కాయితం నా బుజమ్మీదే వొచ్చేత్తాది. నువ్వు పందిరేయించు మావా," అని జోగులు నవ్వేశాడు.

తీరా పౌర్ణమి ముందురోజు మధ్యాహ్నం వాగు పొంగింది. జోరువానలో ఎదుటి దరి కనబడదు గాని, గజ్జెల మోత మాత్రం వినబడుతోంది. పోతయ్య ప్రాణం కుదుటపడింది.

"ఇంతసేపేటోయ్? పెళ్లి నీకా, నా కూతురికా?" అని కేకేశాడు.

మోత ఆగలేదు. ఇంతలో ఆ మహాప్రవాహం చీలి, వాగు నడుమ బండదాకా మోకాలిలోతు దారి ఇచ్చింది. వెళ్లి చూస్తే బండ నెర్రెలో గుచ్చిన బల్లెం, దానికి వేలాడుతూ తడవని సంచి. మనిషి లేడు. సంచిని నిలబెట్టి జోగులు తాను వరదపాలయ్యాడని పోతయ్యకు తెలిసిపోయింది. గాలి లేకున్నా గజ్జెలు మోగుతూనే ఉన్నాయి.

పోతయ్య భోరున ఏడ్చాడు. సంచి భుజానికెత్తుకొని, "అందిందోయ్ జోగులూ," అన్నాడు. అప్పటికిగాని గజ్జెలు ఊరుకోలేదు.

తన ఇంటి పత్రిక వీపుమీదే ఉన్నా ముద్ర విప్పకుండా ఆరు మైళ్లు పరుగెత్తి, కచేరీలో సంచి అప్పగించి, అందరిలాగే వరుసలో నిలబడి తన పత్రికను పుచ్చుకున్నాడా మహానుభావుడు. పౌర్ణమినాడు పత్రిక చదివారు, పెళ్లి వైభవంగా జరిగింది, మొదటి తాంబూలం బండకు వెళ్లింది.

నేటికీ శ్రావణ పౌర్ణమికి ఆ ప్రాంతపు టపావాళ్లంతా గజ్జెలబండ దగ్గర చేరి, విధి నిర్వహణలో ప్రాణాలొదిలిన తమవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. సింగారి పెళ్లి గుర్తుగా జరిగేది కనుక ఏడుపులు నిషిద్ధం, బూరెలు తప్పనిసరి. మొదటి పేరు జోగులుది. అది పలకగానే బల్లెం మీది గజ్జెలు వాటంతటవే మోగుతాయి. జనమంతా ఒక్క గొంతుతో "అందిందోయ్" అనేదాకా ఆగవు.