నిమ్మకాయలు తొక్కిన టైర్లు

పిఠాపురంలో పరంధామయ్య అనే విశ్రాంత డ్రాయింగు మాస్టారు ఉండేవాడు; కారును పసిబిడ్డలా చూసుకునేవాడు గానీ, దాని గురించి ఎవరేం చెప్పినా చెవిన పెట్టేవాడు కాదు.

శుక్రవారం వస్తే కారుకు తలంటే! నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కడిగి, బొట్టు పెట్టి, టైర్లకు కొబ్బరినూనె రాసేవాడు. అవి నిగనిగలాడేవి. నెలకోసారి గుడికి తప్ప కారు బయటికి తీసేవాడు కాదు. అందుకే టైర్ల మీద గీతలు కూడా అరగలేదు.

దసరాకు రెండు రోజుల ముందు గాలి పట్టించడానికి వెళ్తే, పంక్చర్ల షాపు మస్తాన్ టైరును గోటితో నొక్కి చూశాడు. గోరు దిగలేదు.

"మాస్టారూ, ఇవి పదకొండేళ్ళవి. పక్కన అంకెలు చూడండి, ఎప్పుడు తయారయ్యాయో ఉంటుంది. రబ్బరు రాయైపోయింది. వానలో రోడ్డును పట్టుకోదు, మార్చేయండి."

"గీతలు నిక్షేపంలా ఉంటే మార్చడమేమిటి? నీ బేరం కోసం చెబుతున్నావు!"

"నా దగ్గర కొనకండి. ఎక్కడైనా కొనండి, మార్చితే చాలు."

"ఎల్లుండి నిమ్మకాయలు తొక్కిస్తున్నానోయ్! ఇక నా కారుకు భయమేమిటి?" అన్నాడు మాస్టారు. ఇంటికి వెళ్ళి ఈ ముచ్చటంతా భార్యకు చెప్పి నవ్వాడు కూడా.

పండగనాడు పూజ ఘనంగా జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు చితికాయి. మర్నాడు భార్య సుభాషిణమ్మను ఎక్కించుకుని అన్నవరం బయలుదేరాడు.

దారిలో వాన పట్టుకుంది. ఇంతలో పాలక్యాన్ల సైకిలు ఒకటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. మాస్టారు బ్రేకు గట్టిగా తొక్కాడు. చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. తడిసిన సబ్బుబిళ్ళలా జారింది. సైకిలుకు జానెడు దూరంలోంచి దూసుకుపోయి, కాలువగట్టుకు గుద్దుకుంది.

పాలవాడు బతికాడు. సుభాషిణమ్మ చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో ఆమె కట్టు చూసి మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అంత భక్తిగా పూజ చేశానే! దేవుడు ఒక్క మాట ముందుగా హెచ్చరించకూడదూ?"

"హెచ్చరించాడు కదండీ," అంది సుభాషిణమ్మ మెల్లగా. "మస్తాన్ నోట చెప్పించాడు. మీరే బేరం అనుకున్నారు."

మాస్టారు తల దించుకున్నాడు. ఆమె ఇంటికి వచ్చేలోపే మస్తాన్ దగ్గరికి వెళ్ళి నాలుగు టైర్లూ మార్పించాడు.

"వచ్చే దసరాకి నిమ్మకాయలు మానేస్తారా మాస్టారూ?" అని నవ్వాడు మస్తాన్.

"మాననోయ్. కాకపోతే ముందు నీకు చూపించి, తర్వాతే పూజ చేస్తాను!"

కాబట్టి నాయనలారా, పైమెరుగు చూసి మోసపోకండి. దేవుడికి దండం పెట్టండి. తెలిసినవాడు చెప్పిన జాగ్రత్తను కూడా ప్రసాదంలాగే కళ్ళకద్దుకోండి.