అప్పగింతల సంగతి

సుభానికి ఆ అనుమానం ఎప్పుడు పట్టుకుందో గానీ, పట్టుకున్నాక వదల్లేదు. గురువుగారు తన దగ్గర ఏదో దాస్తున్నారు.

గురువుగారంటే మీరావలి సాహెబు. గుంటూరులో బారసాల గానీ, ఓణీల ఫంక్షన్ గానీ, షష్టిపూర్తి గానీ, పెద్ద ఇళ్ళవాళ్ళు ముందు ఆయన సన్నాయి ఖాళీగా ఉందో లేదో కనుక్కున్నాకే రోజు ఖాయం చేసుకునేవారు. సుభాని తొమ్మిదేళ్ళుగా ఆయన పక్కన కూచుని వాయిస్తున్నాడు. కీర్తనలు నేర్పాడాయన, రాగాలు నేర్పాడు, జనం మాటల్లో పడి వినకపోతే చిన్నబుచ్చుకోకుండా వాయించడం కూడా నేర్పాడు. ఒక్కటే నేర్పలేదు. పెళ్ళికూతుర్ని అత్తవారికి అప్పగించేటప్పుడు ఆయన ఒక చిన్న సంగతి వాయిస్తాడు. రెండు ఊపిర్లకు మించి ఉండదు. అది పడగానే మండపం మండపమంతా మాట మానేస్తుంది.

సుభాని దాన్ని దొంగతనంగా ఫోన్లో రికార్డు చేశాడు, మూడు పెళ్ళిళ్ళలో. ఇంటికెళ్ళి విన్నాడు. మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. తన ఫోను చూసి గురువుగారు కావాలనే మార్చేస్తున్నాడనుకున్నాడు.

డోలు వాయించే అంకారావు ఇంకాస్త ఎగదోశాడు. ఏ గురువైనా ఒకటి అట్టేపెట్టుకుంటాడనీ, ఉన్నదంతా ఇచ్చేస్తే రేపు తననెవరు పిలుస్తారనీ అన్నాడు. అక్కణ్ణించి ఆయన ఏం చేసినా సుభానికి అందులో మతలబే కనిపించేది. మంచినీళ్ళు తెమ్మంటే తనను అవతలికి పంపడానికే. వాయిస్తూ జనంలోకి చూస్తుంటే తన చూపు తప్పించుకోవడానికే.

ఒకరోజు తెగించి అడిగేశాడు.

"నేర్పడానికి అందులో ఏముందిరా?" అన్నాడాయన.

దాంతో సుభాని మనసు విరిగింది. తెనాలిలో ఇంకో మేళం వాళ్ళతో మాట్లాడుకున్నాడు. వెళ్ళేలోగా ఒక్క పెళ్ళి మిగిలింది. ఆ పెళ్ళిలో ఆయన వేళ్ళ మీంచి కళ్ళు తీయకూడదనుకున్నాడు.

బ్రాడీపేటలో కల్యాణమండపం. పగటి ముహూర్తం. తాళి కట్టే వేళకు గట్టిమేళం ఒక్క క్షణం ఆలస్యమైంది. పంతులుగారి చెయ్యి చూడవలసిన సుభాని, గురువు వేళ్ళు చూస్తున్నాడు. మీరావలి సాహెబు ఒకసారి అతని కళ్ళు ఎటున్నాయో చూశాడు.

భోజనాలయ్యాక అప్పగింతలు మొదలయ్యాయి. సుభాని తన సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, ఆయన చేతులు బాగా కనిపించేలా కాస్త జరిగి కూచున్నాడు. మీరావలి సాహెబు వాయించబోతూ ఆగాడు. భుజం మీది కండువా తీసి, వేళ్ళు కనపడకుండా రెండు చేతులూ కప్పేసుకున్నాడు. ఆ గుడ్డ కిందే వాయించడం మొదలుపెట్టాడు.

సుభాని మొహం జేవురించింది. ఇన్నాళ్ళూ అనుమానమే, ఇప్పుడు కళ్ళెదుట సాక్ష్యం. లేచిపోదామనుకున్నాడు. మేళం మధ్యలో లేవడం ఎన్నడూ ఎరగడు. ఆ కండువా వైపు చూడలేక మొహం అటు తిప్పేసుకున్నాడు.

అటు పెళ్ళికూతురి తండ్రి ఉన్నాడు. కూతురి చేతులు పాలలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెట్టాడు. పెట్టాక తన చేతులు తీసెయ్యాలి. తీయడం లేదు. పంతులుగారు రెండుసార్లు చెప్పారు. ఆయన సరేనని తలూపుతున్నాడు, చేతులు మాత్రం కదలడం లేదు. చివరికి ఆ పిల్లే, ఎవరికీ తెలియకుండా, మెల్లగా ఒక్కొక్క వేలూ విడిపిస్తోంది.

సుభాని సన్నాయి ఎత్తాడు. ఎత్తానన్న ధ్యాస కూడా అతనికి లేదు. ఆ తండ్రి చేతులు చూస్తూ వాయించాడు. అంకారావు డోలు మీద అరచెయ్యి ఆనించి ఊరుకున్నాడు.

పెళ్ళివారి కారు కదిలిపోయాక సుభాని సన్నాయి దించి, పక్కకు చూశాడు. మీరావలి సాహెబు కండువా మడత పెట్టుకుంటున్నాడు. ఆయన సన్నాయికి అప్పటికే గలేబు తొడిగి ఉంది.

"మీరెప్పుడు ఆపేశారండీ?" అన్నాడు సుభాని.

"నువ్వు మొహం తిప్పుకున్నప్పుడు."