వన్నెలి సొంత రంగు

అనగనగా అని అందరూ మొదలెడతారు. నేను మొదలెడితే కొండలే ఊకొడతాయి! అలా ఊకొట్టిన ఒక కొండ కింద అడవిలో పగటివేషాల మేళం ఉండేది. మేళానికి పెద్ద ముంగిస మామ. అందరిలోకీ చిన్నది వన్నెలి అనే ఊసరవెల్లి పిల్ల.

పగటివేషాలకు ఒక కట్టుబాటుంది. రోజుకో వేషం కట్టి ఆడాక, చివరి రోజు ఏ వేషమూ లేకుండా రాజుగారి ముందు నిలబడాలి. రాజు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిస్తేనే చిన్నది పెద్దదైనట్టు. లేదంటే మరో ఏడాది మేళం మూటలు మోయాల్సిందే.

మొదటి రోజు వన్నెలి పులి అయింది. ఏం పులి! అడవిలో జింకలన్నీ పారిపోయాయి. ఒకటి ఇంకా పరుగెడుతూనే ఉంది!

రెండో రోజు నెమలి అయింది. మబ్బులు మోసపోయి కుండపోతగా కురిశాయి. నా పంచె ఇప్పటికీ ఆరలేదు, కావాలంటే పిండి చూడండి.

మూడో రోజు కాషాయం రంగుకు తిరిగి ముని అయింది. నాగుపాములు వరుసకట్టి దణ్ణాలు పెట్టాయి.

చివరి రోజు వచ్చింది. వన్నెలి ఆకుచాటున ముడుచుక్కూర్చుంది.

"ఏమే, కాలు బెణికిందా?" అన్నాడు ముంగిస మామ.

"నేను రాను మామా. ఆకు మీదుంటే ఆకుపచ్చ, మట్టి మీదుంటే మట్టిరంగు. నా సొంత రంగేదో నాకే తెలీదు. రాజుగారికేం తెలుస్తుంది?"

"ఇక్కడ కూర్చుంటే మాత్రం తెలుస్తుందా? లే, పద!"

కొలువులో సింహరాజు, చుట్టూ అడవంతా. భయానికి వన్నెలి ఒళ్ళు పసుపైంది, బూడిదరంగైంది, నల్లబడింది.

"ఏ రంగుని పిలుస్తారు మహారాజా?" అని నక్క కిసుక్కున నవ్వింది.

పులి వేషం కడితే చప్పట్లు ఖాయం. వీపు మీద ఒక చార అప్పుడే తేలింది కూడా. వన్నెలి కళ్ళు మూసుకుని దాన్ని చెరిపేసింది. ముందుకు కదిలింది. ముందుకో ఊపు, వెనక్కో ఊపు, ఆ తర్వాత ఒక్క అడుగు.

సింహరాజు పకపకా నవ్వాడు. "ఓసి మన వన్నెలి! రావే తల్లీ!"

"ఎలా గుర్తుపట్టారు ప్రభూ?"

"అడుగేసే ముందు ఉయ్యాలూగే పులి ఎక్కడైనా ఉంటుందా? నెమలీ ఊగింది, మునీ ఊగాడు. ఆ ఊపు కోసమే కదా నేను రోజూ వచ్చి కూర్చున్నది!"

వన్నెలి ఒళ్ళంతా ఒక్కసారిగా రంగులు విరిశాయి. అడవి అడవంతా ఈలలే! తిరుగుదారిలో మూట ముంగిస మామే ఎత్తుకున్నాడు.

విన్నారుగా పిల్లలూ, ఎన్ని వేషాలు కట్టినా మనల్ని వదలకుండా వెంట వచ్చేదే మనం; దాన్ని దాచుకోకుండా నలుగురిలోకి అడుగేసిన రోజే మనం పెద్దవాళ్ళమైనట్టు.