జున్ను ఊపిరి

అనగనగా ఒక ఊళ్ళో, రైలుకట్ట పక్క వీధిలో, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. అక్క పేరు మంగతాయారు, చెల్లెలి పేరు సుగుణ. అక్క ఒక తెల్ల ఎలుకని పెంచుకునేది. దాని పేరు జున్ను. అక్కచెల్లెళ్ళిద్దరికీ జుట్టు నెరిసిపోయింది. జున్నుకి నెరవడానికేముంది, అది పుట్టడమే తెల్లగా పుట్టింది. నవ్వకు, విను.

అదీ ముసలిదైపోయింది. ఊపిరి తీసినప్పుడల్లా గురగురమనేది. ముక్కు చుట్టూ ఎర్రటి తడి. తాయారు కొంగుతో ఎంత తుడిచినా మళ్ళీ వచ్చేది.

"డాక్టరుకి చూపిద్దాం అక్కా" అంది సుగుణ.

"ఆ, సూది పొడిచి చంపేస్తాడు. దాని జోలికి రాకు" అంది తాయారు.

అసలు సుగుణకి ఎలుకంటే ఒళ్ళు జలదరింపు. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పంజరానికి దూరంగా నడిచేది. అలాంటి మనిషికి ఉన్నట్టుండి జున్ను మీద ఇంత ప్రేమేమిటి? తాయారుకి అక్కడే అనుమానం మొదలైంది.

ఒకరోజు చూస్తే పంజరంలో రంపపు పొట్టు లేదు. ఉతికిన పాతగుడ్డ పరిచి ఉంది. 'మెత్తటి పక్క తీసేసింది. చలికి బిగుసుకుపోవాలనేగా!' అనుకుంది తాయారు.

ఆ తర్వాత సాంబ్రాణి వేద్దామంటే ధూపం గిన్నె కనబడలేదు. పెరట్లో బోర్లించి ఉంది. పంజరమేమో కిటికీ పక్కకి జరిగింది. 'పిల్లి పట్టుకుపోవాలనేగా!' అనుకుంది.

ఆ తర్వాత ఒకనాడు తాయారు సంతకి వెళ్తున్నానని చెప్పి, సగం దారిలోంచి వెనక్కొచ్చింది. తలుపు సందులోంచి చూసింది. సుగుణ జున్నుని గుడ్డలో చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని, దాని నోట్లో ఏవో చుక్కలు పోస్తోంది!

తాయారు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. "విషం పోస్తున్నావే!" అంటూ జున్నుని లాక్కుంది.

"విషం కాదక్కా, మందు. నువ్వు వద్దంటావని నేనే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళి..."

తాయారు వింటేనా! పంజరం తన గదిలో పెట్టి గడియ వేసుకుంది. మళ్ళీ పొట్టు పరిచింది. సాంబ్రాణి వేసింది. నీళ్ళు కూడా తను తాగి చూశాకే జున్నుకి పెట్టింది.

అప్పుడేమైంది? తెల్లారేసరికి జున్ను నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. తాయారు గడియ తీసి, "సుగుణా, జున్ను పోతోందే!" అని కేక పెట్టింది.

సుగుణ పరుగెత్తుకొచ్చింది. కిటికీ తెరిచింది. పొట్టంతా తీసి పారేసింది. వేడినీళ్ళ గిన్నె కాస్త దూరంగా పెట్టి, జున్నుకి ఆవిరి తగిలేలా పట్టుకుంది. అప్పుడు మందు సీసా తీసింది.

తాయారు చెయ్యి అడ్డం పెట్టింది. సీసా వాసన చూసింది. చెల్లెలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత చెయ్యి తీసేసింది.

పొద్దు వాలేసరికి జున్ను తేరుకుని నాలుగు మెతుకులు తింది.

"తగ్గిపోయినట్టేనా?" అంది తాయారు.

"పూర్తిగా తగ్గదట. ముసలి ఊపిరితిత్తులు కదా. పొగా దుమ్మూ తగలకుండా, మందు మానకుండా చూసుకుంటే, ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉంటుందట."

"ఎలుకంటే హడలిపోయేదానివి. ఎందుకే ఇదంతా చేశావు?"

"ఇప్పటికీ హడలే అక్కా. పట్టుకుంటే చేతులు వణుకుతాయి. కానీ అది పోతే నువ్వేమైపోతావోనని ఇంకా భయం."

తాయారు చెల్లెలి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని నిమిరింది.

మర్నాటి నుంచి జున్నుని అక్క పట్టుకునేది, చెల్లెలు మందు పోసేది. గురగుర పోలేదు. అయినా ఆ చలికాలమంతా జున్ను అటుకులు నములుతూ, ఎండపొడలో ఒళ్ళు కాచుకుంటూ ఇద్దరి మధ్యా బతికింది.

కథేమో కంచి బండెక్కింది,
కునుకేమో నీ కంటికెక్కింది!