కింది తొట్టె

ఇంతియాజ్‌కి రాజమండ్రి వెళ్ళాలని ఉంది. అక్కడ కొందరు అతని మాటలకి మురిసిపోయి, "మా ఊరొచ్చి ఉండండి, మాకు దారి చూపించండి" అని పిలిచారు. గురువు నూర్‌షా బాబా ఊఁ అనడమే తరువాయి. ఉప్పాడ సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఫకీర్ల మఠంలో అతను ఆ ఒక్క ఊఁ కోసమే కాచుక్కూర్చున్నాడు. అంటారన్న ధీమాతో సంచీ కూడా సర్దేశాడు.

"ఎవరేమడిగినా నాకు తడుముకునే పని లేదు బాబా. మాట దానంతటదే వచ్చేస్తుంది," అన్నాడు ఓ పొద్దున.

"ఆగితే?" అన్నారు బాబా.

"ఆగదు బాబా."

బాబా గోడవారనున్న ఉప్పునీటి అక్వేరియం వైపు చూశారు. మొక్కు తీర్చుకోవడానికొచ్చిన ఒకాయన ఇచ్చి వెళ్ళింది అది. అందులో చారల చేపలు రెండున్నాయి. బాబాకి అవంటే ప్రాణం. ఈమధ్య నీళ్ళు మాటిమాటికీ మురికిపట్టి, అవి నీరసంగా ఓ మూల చేరుతున్నాయి.

"పాత తొట్టె ఇంకోటుంది కదా. దాన్ని కింద పెట్టి, నీళ్ళు వడకట్టే సంపులా దీనికి కలుపు. నీ ప్రయాణం సంగతి ఆ తరవాత చూద్దాం."

మఠానికి రాకముందు ఇళ్ళకి మోటార్లు బిగించిన చెయ్యి ఇంతియాజ్‌ది. ఇంత సులువైన పరీక్ష పెట్టారేమిటా అని లోలోపల నవ్వుకున్నాడు.

పై తొట్టె అంచుదాకా వచ్చిన నీళ్ళు ఓ పైపులోంచి కిందికి జారతాయి. కింద స్పాంజి గుండా, పగడపు ముక్కల గుండా వడకట్టుకుంటాయి. చిన్న మోటారు వాటిని ఇంకో పైపులోంచి పైకి తోస్తుంది. ఆ పైపు కనబడితే బాగుండదని దాని చివరని చేపల తొట్టె అడుగుదాకా దించేశాడు. మోటారు తిరుగుతుండగానే కింది తొట్టెని అంచుదాకా నింపాడు. మధ్యాహ్నానికల్లా నీళ్ళు తేటపడ్డాయి. చేపలు మూల వదిలి తిరగసాగాయి.

బాబా వచ్చి కింది తొట్టె అంచు మీద వేలు పెట్టారు. వేలు తడిసింది.

"కాస్త ఖాళీ ఉంచకపోయావా?"

"నిండు కుండ తొణకదు కదా బాబా!"

సామెత సమయానికి తట్టినందుకు ఇంతియాజ్‌కి మహా సంబరమేసింది. బాబా తల ఊపి, గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్ ఆపేశారు.

మోటారు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు. పైకి తోసిన పైపే ఇప్పుడు పైనున్న నీళ్ళని కిందికి లాగేస్తోంది. కింది తొట్టె పొంగింది. నేల మీదికి, చాప మీదికి, గోడ పక్కనున్న ప్రయాణం సంచీ మీదికి ఉప్పునీళ్ళు పారాయి. పైన నీళ్ళు తగ్గిపోతుంటే చేపలు బెదిరి అడుగుకి చేరాయి.

ఇంతియాజ్ స్విచ్ దగ్గరికి పరుగెత్తాడు. బాబా దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"వెయ్యండి బాబా! చేపలు చచ్చిపోతాయి!"

"కరెంటు పోయిన రోజు ఎవర్ని అడుగుతావు?"

ఇంతియాజ్ వెనక్కి ఉరికి పైపుని పైకి లాగాడు. చివర బయటపడగానే పైపు గుటకేసినట్టు గాలి పీల్చుకుని ఊరుకుంది. నీళ్ళు ఆగాయి. గురువు ముందు ఇంత సిగ్గు అతనెప్పుడూ పడలేదు.

నేల తుడిచాడు. సంచీ ఎండలో వేశాడు. మేకు కాల్చి, పై తొట్టె నీటిమట్టానికి కాస్త కిందుగా వచ్చేలా పైపుకి చిన్న బెజ్జం పెట్టి, దాన్ని మళ్ళీ దించాడు. పై తొట్టెకి నీళ్ళు సరిపెట్టి, మోటారు వేసి, కింది తొట్టెలోంచి బిందెలకొద్దీ తోడేశాడు.

బాబా నమాజు ముగించుకుని వచ్చారు.

"ఆగితే?" అన్నారు, పొద్దున అన్నట్టే.

మంచి జవాబొకటి ఇంతియాజ్ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, తనే వెళ్ళి స్విచ్ ఆపాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పైన నీళ్ళు కొంచెం దిగాయి. బెజ్జం గాలి పీల్చింది. కింద నీళ్ళు పెరిగి, ఇంకాస్త పెరిగి, అంచుకి బెత్తెడు కిందే నిలిచిపోయాయి. చేపలు తిరుగుతూనే ఉన్నాయి.

బాబా కింది తొట్టె అంచు తడిమి చూసి అన్నారు.

"సంచీ ఆరిందేమో చూసుకో. సాయంత్రం బస్సుంది."